పురిటి సంచి ఎదురింట్లో

మా పని ఏ రోజుది?

కాన్పు అనగానే ఎవరికైనా నొప్పులు, ఆసుపత్రి, బిడ్డ ఏడుపు గుర్తుకొస్తాయి. పల్లెల్లో తిరిగే మా నర్సుల ఏఎన్ఎం ఉద్యోగం మాత్రం ఆ రోజుకు ముందు ఐదారు వారాలది. ఆ ఐదారు వారాలు సరిగ్గా గడిస్తే ఆ రోజు మనం చేయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. ఆటోలో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు. ఈ మాట నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు చేరుతున్న ఆడపిల్లల కోసం రాస్తున్నాను.

నేను జమ్మలమడుగులో పుట్టాను. పులివెందుల వైపు అరటితోటల పల్లెల్లో పని నేర్చుకున్నాను. ముద్దనూరు చుట్టుపక్కల చాలాకాలం తిరిగాను. ప్రొద్దుటూరులో రిటైరై అక్కడే ఉంటున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు, రిజిస్టర్ల గోల ఇక్కడ రాయను. అవి రాసుకుంటూ పోతే మీకు నిద్రొస్తుంది, నాకు కోపమొస్తుంది. ఒక మంచి డాక్టరమ్మ గురించి, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, ఆ తప్పు దిద్దుకోవడానికి ఒక వీధి వీధంతా నాకు చేసిన సాయం గురించి రాస్తాను.

డాక్టరమ్మ అడిగిన మాట

ముద్దనూరు వైపు వచ్చిన కొత్తలో మా డాక్టరమ్మ రిజిస్టరు కంటే ముందు మా చెప్పుల వంక చూసేది. చెప్పులకు దుమ్ము లేదంటే ఊరు తిరగలేదని లెక్క. ఆ పూటకు మన పని అయిపోయినట్టే. నేను మాత్రం ఏం తక్కువదాన్నా? ఒకటి రెండుసార్లు ఆసుపత్రి ఆవరణలోనే మట్టిలో కాళ్లు రుద్దుకుని లోపలికి పోయాను. ఆమెకు తెలుసనీ, నవ్వు దాచుకునేదనీ తర్వాతెప్పుడో తెలిసింది.

ఒక రోజు తొమ్మిదో నెల గర్భిణి గురించి చెప్పడానికి వెళ్లాను. బరువు, రక్తం, బిడ్డ గుండె చప్పుడు, అన్నీ బాగున్నాయని గర్వంగా చెప్పాను.

"సరే సుగుణమ్మా. రేపు పొద్దున పదింటికి ఆ పిల్లకు నొప్పులొచ్చినాయనుకో. రోడ్డు మీదికెట్ల వస్తాది?"

"ఆటోలో మేడమ్."

"ఎవురి ఆటో?"

నాకు తెలియదు.

"రైలు గేటు పడితే?"

అదీ తెలియదు. ఆ పల్లె నుంచి రోడ్డెక్కాలంటే రైల్వే గేటు దాటాలి. థర్మల్ కేంద్రానికి బొగ్గు తీసుకెళ్లే గూడ్సు బండ్లు వచ్చాయంటే గేటు పడిపోతుంది. ఇవతలి ఆటోలు ఇవతల, అవతలి ఆటోలు అవతల.

"కడుపు చూసినావు గానీ దావ చూడలే నువ్వు. పో, చూసిరాపో" అంది.

మండుటెండలో వెనక్కి పంపించింది. తిట్టుకుంటూ పోయాను. గేటు దగ్గర రేకుల నీడలో కూర్చుని గేట్‌మన్‌తో మాట్లాడాను. పాపం ఆయన ఎవరూ పలకరించని మనిషి. మజ్జిగ ఇచ్చి మరీ చెప్పాడు, ఏ వేళకు గేటు ఎక్కువగా పడుతుందో, ముందే ఫోన్ చేస్తే ఏం చెప్పగలడో. రైలును ఆపలేడు గానీ, ఎంతసేపట్లో వస్తుందో చెప్పగలడు. ఆ కబురు చాలు.

అప్పటినుంచి ఎనిమిదో నెల నిండిన ప్రతి ఇంట్లోనూ నా ప్రశ్నలు మారిపోయాయి. బండి ఎవరిది? వెంట ఎవరొస్తారు? వాన పడితే ఏ దారి? ఇంకొకటి మాత్రం మరువకండి: బర్రె పాలు ఎవరు పిండుతారు? నవ్వకండి. ఉమ్మనీరు పోయినా "పాలు పిండేసి పోదాంలే" అని ఆగిన అత్తలను నేను కళ్లారా చూశాను. బర్రెకు ఏర్పాటు చేస్తే సగం కాన్పు అయిపోయినట్టే.

అన్నీ సిద్ధం, పిల్ల తప్ప

అలాగని సరంజామా అంతా ఉంటే సిద్ధంగా ఉన్నట్టేనా అంటే, అదీ కాదు. ప్రొద్దుటూరులో బట్టల అంగడి వాళ్లింటి కోడలిని చూడటానికి వెళ్లేదాన్ని. వాళ్ల తాతల నాటి ఉయ్యాలకు కొత్తగా పాలిష్ పెట్టించారు. వెండి గిన్నె, ఉగ్గు గిన్నె, నూనెలు, సున్నిపిండి, అన్నీ వరసగా పేర్చారు. ఆసుపత్రిలో ఏ గది కావాలో కూడా ముందే మాట్లాడుకున్నారు. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదని లేచి వస్తుంటే, ఆ పిల్ల వాకిలి దాకా వచ్చి గుసగుసగా అడిగింది.

"అక్కా, నొప్పులంటే ఎట్లుంటాయి? అన్నం అరగకపోతే వస్తాది చూడు, ఆ మాదిరేనా?"

ఇంట్లో అంతమంది పెద్దవాళ్లున్నారు, ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. సినిమాల్లోలాగా ఒక కేక, వెంటనే బిడ్డ అనుకుంటోంది ఆ పిల్ల. వెనక్కి తిరిగి గంటసేపు కూర్చున్నాను. నొప్పి వచ్చి పోతుందని, మధ్యలో విరామం ఉంటుందని, ఆ విరామం తగ్గుతూ వస్తే ఏం చేయాలో, ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పాను. నొప్పి లేకుండా ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా క్షణం ఆగొద్దని చెప్పాను.

తర్వాత ఏమైందో వాళ్లత్తే చెప్పి నవ్వింది. నొప్పులు మొదలై ఇల్లంతా పరుగులు పెడుతుంటే, ఆ పిల్ల గడియారం ముందు కూర్చుని, "ఇంకా పదిహేను నిమిషాలకొగసారే వస్తాంది, తొందరేంది అత్తా" అని రెండు ఇడ్లీలు తిని మరీ బయల్దేరిందట. ఆ ఇంట్లో ఆ పూట నిమ్మళంగా ఉన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే.

నేను పప్పులో కాలేసిన రోజు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ముద్దనూరు దగ్గర పల్లెలో నాగవేణి అని ఒకమ్మాయి. మొగుడు ఓబులేసు ట్రాక్టరు నడుపుతాడు. అత్త చెన్నమ్మ. నేను ఆ ఊరికి రాకముందు నాగవేణికి మొదటి కాన్పు చేదైంది. నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోయింది. నొప్పులు రాలేదు గదా అని సాయంత్రం దాకా ఇంట్లోనే ఆగారు. బిడ్డ దక్కలేదు.

ఇది రెండో కాన్పు. ఎనిమిదో నెల చివర్లో కాళ్లు వాచాయి, బీపీ మెల్లగా పైకి జరుగుతోంది. రెండు రోజులకొకసారి చూడాల్సిందేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చూడకుండా వదిలేస్తే ఈసారి బిడ్డతో పాటు తల్లి ప్రాణానికీ ముప్పే.

నేను పుట్టిన ఇంట్లో పద్ధతి వేరు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. మా చర్చిలో ఆడవాళ్లు ప్రతి గురువారం కూర్చుని, కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ చిన్న చిన్న చొక్కాలు, టోపీలు కుట్టి, ప్రార్థన చేసి, ఒక పెట్టెలో సర్ది ఇచ్చేవాళ్లు. బిడ్డ పుట్టకముందే బిడ్డ గుడ్డలు ఇంటికి రావడమంటే నాకు సంతోషం. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో దానికి పూర్తిగా ఎదురు. బిడ్డ చేతికొచ్చేదాకా బిడ్డ పేరు మీద ఒక్క గుడ్డముక్క ఇంట్లోకి తేరు. పుట్టాక ఎవరింట్లోనో పాత చొక్కా అడిగి తెచ్చి తొడుగుతారు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా, నేను చెబితే మారతారులే అనుకున్నాను.

నాగవేణి మీద ముచ్చట కొద్దీ నేనే ఒక సంచి సర్దాను. ఉతికి ఎండేసిన మెత్తని నూలు గుడ్డలు, తల్లికి రెండు నైటీలు, ప్యాడ్లు, ఫ్లాస్కు, సోపు, బిస్కెట్లు, కాగితాలు పెట్టుకోవడానికి ఒక కవరు. పైన మా చర్చి ఆడవాళ్లు అల్లిన ఎర్ర ఉన్ని టోపీ. తీసుకుపోయి వాళ్ల అరుగు మీద పెట్టి, వీధిలో నలుగురూ చూస్తుండగా, ఆ టోపీ తీసి నా వేలికి తొడిగి ఆడించి చూపించాను.

చెన్నమ్మ చేటలో వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. చేట పక్కన పెట్టి లేచింది. నా వేలి మీది టోపీ తీసి సంచిలో వేసింది. సంచి తీసుకుపోయి వీధిలో పెట్టింది.

"నర్సమ్మా, మా గడప ఇంగ తొక్కాకు" అంది.

అక్కడితో నేను నోరు మూసుకుని వచ్చేసి ఉంటే బాగుండేది. నాది నిప్పులాంటి నోరు. "మీ మూఢనమ్మకాలకు పోయినతూరి ఒగ బిడ్డ పోయినాది, ఈసారి ఆ పిల్ల గూడా పోతాది" అని వీధి వినేలా అరిచాను. చెన్నమ్మ లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. లోపల నాగవేణి ఆ మాట విన్నదని గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. నా ఉద్యోగం మొత్తంలో అంతకంటే చెడ్డ మాట నేను ఎవరినీ అనలేదు.

కుట్టుమిషను వెనక

పది రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. ఆశా వర్కరును పంపితే ఆమెనూ రానివ్వలేదు. ఓబులేసును పొలం దగ్గర పట్టుకుని అడిగితే, "మాయమ్మ మాట నేను దాటలేను మేడమ్" అని తల వంచుకున్నాడు. నాగవేణి బీపీ ఎంతుందో ఎవరికీ తెలియదు. నాకు అన్నం సయించలేదు.

పదకొండో రోజు ఆ వీధిలో నడుస్తుంటే చెన్నమ్మ ఎదురింట్లోంచి మహబూబ్‌బీ పిలిచింది. ఆమె ఆ ఊరందరికీ రవికలు కుడుతుంది. టీ ఇచ్చి, గ్లాసు నా చేతిలో ఉండగానే మొదలుపెట్టింది.

"నీకు నోరెక్కువమ్మా."

"అవును" అన్నాను.

"చెన్నమ్మత్త మొండిది. నువ్వు ఆమె కంటే మొండిదానివి. మీ ఇద్దరి మధ్య ఆ పిల్ల నలుగుతాంది. రేపు పొద్దున రా. నాగవేణి రవిక వదులు చేయించుకునేదానికి వస్తాది."

తొమ్మిదో నెలలో రవికలు బిగుతవడం మామూలే కదా. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మర్నాడు నాగవేణి రవిక పట్టుకుని వచ్చింది. మహబూబ్‌బీ మిషను తొక్కుతుంటే, నేను గుడ్డల గుట్టల వెనక పిల్ల చేతికి పట్టీ కట్టి బీపీ చూశాను. కొంచెం ఎక్కువుంది గానీ, భయపడేంత లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు ఆ పిల్ల చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆమె నవ్వి, "మీరు అరిచింది గూడా నాకోసమే గదా మేడమ్" అంది. పిల్లలు మనకంటే పెద్దమనసు గలవాళ్లు.

రెండు రోజులకొకసారి రవిక వచ్చేది. "ఒగే రవిక ఎన్ని తూర్లు ఇప్పి కుట్టాల నాయనా, గుడ్డ చిరిగిపోతాంది" అని మహబూబ్‌బీ మొత్తుకునేది. ఒకసారి నాగవేణి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మాయత్తకు ఈ బిడ్డ అక్కరలేదేమో మేడమ్. ఇన్ని నెల్లయినా బిడ్డ మాట ఒగసారి గూడా ఎత్తలేదు. నా కడుపు పక్కే చూడదు."

నేనూ అదే అనుకున్నాను. ఇద్దరం తప్పే అనుకున్నాం.

నా సంచి సంగతి కూడా మహబూబ్‌బీయే తేల్చేసింది. "ఈడ పెట్టు. వాళ్లింట్లో పెట్టుకోగూడదు, సరే. మా ఇంట్లో మేమెవురం కడుపుతో లేం. మాకేం భయం?" అని తన బీరువాలో పెట్టుకుంది. ఎంత తేలికైన మాట! ఇన్నేళ్లూ నా బుర్రకు తట్టలేదు.

చెన్నమ్మ చెప్పింది

నాలుగోసారో ఐదోసారో పట్టీ బిగించి గాలి కొడుతున్నాను. వాకిట్లో నీడ పడింది. చెన్నమ్మ. మహబూబ్‌బీ కాలు మిషను మీద ఆగిపోయింది. నాగవేణి చేయి లాక్కోబోతే నేనే వదల్లేదు, సగంలో ఆపితే లెక్క తప్పుతుంది.

"శానా దినాల్నుంచి చూస్తాండా" అంది చెన్నమ్మ. "ఒగ రవికకు ఇన్నిసార్లు కొలతలేంది మాబూబీ? నేనేమన్నా కళ్లు లేనిదాన్నా?"

ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఎంతుంది?"

"రవంత ఎక్కువుంది. డాక్టరమ్మ మాత్ర ఇస్తాది. రోజూ చూడాల" అన్నాను. ఆమెతో ఏమనాలో ఆ పది రోజులూ మనసులో ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "ఆ పొద్దు నేను అన్న మాట తప్పు. అనుండకూడదు."

చెన్నమ్మ కోడలిని ఇంటికి పొమ్మంది. ఆ పిల్ల వీధి దాటేదాకా చూసి అప్పుడు చెప్పింది.

"పోయినతూరి అన్నీ నేనే చేసినా నర్సమ్మా. బొంతలు కుట్టినా. టోపీలు కుట్టినా. మా తోటికోడలు వద్దనింది, నేను వినలే. ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో ఇంటికొచ్చినాక ఆ గుడ్డలు యాడ పెట్టాల్నో తెలీలే. కాల్చేదానికి చెయ్యి రాలే. ఇంగొకరికి ఇచ్చేదానికి చెయ్యి రాలే. అటక మీద పెడితే, పడుకున్నప్పుడల్లా అవి నన్ను చూస్తాండినాయి. నువ్వు ఆ ఎర్ర టోపీ వేలికి పెట్టుకొని ఆడిస్తాంటే నాకు గుండె ఆగిపోయింది."

ఇది మూఢనమ్మకమేనా? మీరే చెప్పండి. ఆమె దేవుడికీ దిష్టికీ భయపడలేదు. ఇంట్లో ఆ గుడ్డలతో మళ్లీ ఒంటరిగా మిగిలిపోతానేమోనని భయపడింది. ఆ పద్ధతి పెట్టిన ఆడవాళ్లెవరో ఇలాంటి రోజు చూసే పెట్టి ఉంటారు. ఇంట్లోకి తేవద్దనడం సరే, ఆసుపత్రికి పోవడం కూడా వాయిదా వేయడమే ప్రమాదం. ఈ రెంటినీ విడదీయడం మన పని. నేను రెంటినీ కలిపి తిట్టాను.

"ఇంట్లోకి ఒగటి రాగూడదు. అంతే" అంది లేస్తూ. "బండి, దావ, డాక్టరు, అన్నీ నువ్వు చెప్పినట్టే కానీ. ఇంటి బయట మీరేం చేసుకుంటారో నాకు చెప్పొద్దండి. నాకు పిల్ల పానం గావాల."

వీధంతా నెలలు నిండాయి

ఆ వారం రోజులు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చెన్నమ్మ ఇల్లు తప్ప వీధంతా కాన్పుకు సిద్ధమైంది. ఆటో నడిపే వెంకటరమణ రాత్రి బండి తీసుకొచ్చి ఓబులేసు వాకిట్లో కాకుండా రెండిళ్ల అవతల పెట్టేవాడు, అక్కడుంటే ఇంట్లో పెట్టినట్టు కాదని. మహబూబ్‌బీ కోడలు చెన్నమ్మ వాళ్ల బర్రె దగ్గరకు ముందే పోయి మచ్చిక చేసుకుంది, లేకుంటే అది కొత్తవాళ్లకు పాలివ్వదు. నాగవేణి రక్తం గ్రూపు కలిసిన ఇద్దరు మగవాళ్లు ఫోన్లు దగ్గర పెట్టుకుని తిరిగారు. అందులో ఒకాయన రోజూ నా దగ్గరకు వచ్చి, "నా రక్తం ఎప్పుడు గావాల మేడమ్?" అని అడిగేవాడు. అక్కరలేకపోతే మంచిదని చెబితే కొంచెం చిన్నబుచ్చుకునేవాడు. గేట్‌మన్ నంబరు అందరి ఫోన్లలో చేరింది.

ఇంత జరుగుతున్నా చెన్నమ్మ అరుగు మీద కూర్చుని బుడ్డలు ఒలుచుకుంటూ ఏమీ తెలియనట్టే ఉండేది. సాయంత్రాలు మాత్రం గడ్డివామి వైపు ఎక్కువ తిరుగుతోందని ఎవరో అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఒక రోజు బీపీ ఇంకాస్త పెరిగింది. ఫోన్ చేస్తే, ఎల్లుండి పొద్దున్నే ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకురమ్మని, తనూ అక్కడికే వస్తానని, చేర్చుకుని కాన్పు చేయిద్దామని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ అందరికంటే తొందరగల్లది. ఎల్లుండి దాకా ఆగలేదు.

మర్నాడు పొద్దున నేను ఆ వీధి మొదట్లోకి వచ్చేసరికి కేక వినిపించింది. నాగవేణి వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడిపోయింది. ఉమ్మనీరు పోయింది. నొప్పులు లేవు. మొదటిసారి లాగే, అచ్చం అలాగే. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కేక వేసింది చెన్నమ్మ. "వెంకటరమణా, బండి! బిన్నా రా!"

గేట్‌మన్‌కు ఫోన్ చేస్తే, "ఐదు నిమిషాల్లో వస్తే దాటేస్తారు, లేకుంటే గూడ్సు పోయేదాకా ఆగాల" అన్నాడు. నాగవేణిని ఎక్కించాం. ఓబులేసు ముందు కూర్చున్నాడు. చూస్తే చెన్నమ్మ లేదు. అందరం కేకలేస్తుంటే, గడ్డివామి వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది, చంకలో ఏదో మూట, తలనిండా గడ్డిపరకలు. ఏమిటని అడగడానికి టైము లేదు. మహబూబ్‌బీ పరుగున వచ్చి నా సంచిని నా ఒళ్లోకి విసిరింది. గేటు దాటిన కాసేపటికి వెనక గూడ్సు కూత వినబడింది. ఓబులేసు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. రైలుకో, గేట్‌మన్‌కో, నాకు తెలియదు.

నాలుగు సంచులు

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నాగవేణిని లోపలికి తీసుకుపోయాక, సామాను అడిగారు. నేను నా సంచి ఇచ్చాను. ఓబులేసు ఆటో దాకా పోయి, సీటు కింద నుంచి ఇంకో సంచి తెచ్చాడు. "ట్రాక్టరు టూల్ బాక్సులో పెట్టుకున్యా మేడమ్. రాత్రే ఆటోలోకి మార్చినా" అన్నాడు. ఫోన్ అందుకుని సింహాద్రిపురం నుంచి నాగవేణి తల్లి దిగింది. ఆమె చేతిలో మూడోది. పక్కింటి వాళ్ల దగ్గర దాచిపెట్టుకుందట.

అప్పుడు చెన్నమ్మ తన మూట ముందుకు తోసింది. ప్లాస్టిక్ కవరు మీద కవరు, మూడు చుట్లు. లోపల ఆమె పాత నూలు చీరలు, ఉడకబెట్టి, ఎండేసి, చదరంగా కత్తిరించి, అంచులు చేత్తో మడిచి కుట్టినవి. గడ్డివామిలో దాచింది.

"ఇంట్లో పెట్టలేదు గదా" అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

కబురందుకుని ముందే వచ్చిన మా డాక్టరమ్మ బయటికొచ్చి వరసగా నాలుగు సంచులు చూసి ఆగింది. "ఏందమ్మా ఇది? స్కానింగులో ఒగ బిడ్డే కదా కనబడింది?" అంది. ఆ వరండాలో అంత భయంలోనూ అందరం పగలబడి నవ్వాం. చెన్నమ్మ కూడా.

ఆ తర్వాత మాత్రం చాలాసేపు నవ్వు లేదు. నొప్పులు రావడానికి సెలైన్‌లో మందు పెట్టారు. బీపీ పెరుగుతుందేమోనని గంట గంటకూ చూశారు. నేను లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. నాగవేణి తల్లి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గొణుక్కుంటోంది. చెన్నమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్లిస్తే తాగలేదు. రక్తం ఇస్తానన్న ఇద్దరూ బస్సెక్కి వచ్చి ఆసుపత్రి వాకిట్లో కాచుకున్నారు. మధ్యాహ్నం దాటింది. ఎండ వాలింది.

నాలుగున్నర ప్రాంతంలో ఆడబిడ్డ పుట్టింది. పుట్టీ పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చిందంటే, రక్తం దాతల్లో ఒకాయన బయట నుంచే "అయిపోయిందిలే, మనతో పన్లేదు" అన్నాడట. నాగవేణికి బీపీ అదుపులోనే ఉంది. ఆ పిల్ల నన్ను చూసి ఒక్క ముక్క అడిగింది. "మాయత్తకు చూపించినారా?"

బిడ్డను తుడిచి, తల్లి రొమ్ముకు పట్టించాక, చెన్నమ్మ కుట్టిన గుడ్డలో చుట్టి వరండాలోకి తీసుకొచ్చాను. ఆమె ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. ఏడుపు ఆమెకూ వినబడింది, కానీ నమ్మలేదు. చేతులు చాపలేదు. "ఇద్దరూ బాగుండారు పెద్దమ్మా, పట్టుకో" అన్నాను. అప్పుడు తిరిగింది. నేను బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాను. అవి గట్టిగా పట్టుకున్నాయి.

"వచ్చినావా?" అంది. "వచ్చినావామ్మా? ఇన్ని దినాలు ఏం చేస్తాంటివి లోపల?"

ఇక ఆగలేదు. నుదురు వాళ్ల నాయనదని చెప్పింది. ముక్కు ఎవరిదో చెప్పింది. బర్రె చూలుతో ఉందని, దూడ పుడితే ఇద్దరూ కలిసి పెరగాలని చెప్పింది. ఎదురింటి మాబూబీ పరికిణీ కుడుతుందని, గేట్‌మన్ తాతకు దండం పెట్టాలని చెప్పింది. కడుపులో ఉన్నప్పుడు ఏ రోజు ఎన్నిసార్లు కదిలిందో, కోడలు కడుపు మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా చూసి, తను అరుగు మీద కూర్చుని లెక్క పెట్టుకుంటూ ఉన్నానని కూడా చెప్పేసింది. నాగవేణి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అందులో దాచుకోవడానికి ఏముంది?

ఓబులేసు కాసేపు ఆగి, మెల్లగా తల్లి భుజం తట్టాడు. "అమ్మా, రవంత ఆపు. పాప నిద్రపోతాంది."

"నువ్వు నోరు మూసుకోరా" అంది చెన్నమ్మ, బిడ్డ మీద నుంచి చూపు తిప్పకుండా. "తొమ్మిది నెల్ల మాటలున్నాయి నాకాడ."